పింఛన్‌కు రాని మనిషి

(మోత్కూర్‌లో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా కుదించినది.)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో ఆమెను ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నర్సమ్మ అనే పిలిచాయి. నేనూ అలాగే అంటాను. కాగితం మీద ఆమె ఉద్యోగం కాన్పులు, టీకాలు, కుటుంబ నియంత్రణ. ముసలివాళ్ల ఊసు ఆ కాగితంలో ఎక్కడా లేదు. అయినా సబ్ సెంటర్ అరుగు మీద అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది వాళ్లే. బీపీ చూసిన చేత్తోనే ఆమె పింఛన్ దరఖాస్తు నింపేవారు. పైసలు ఎందుకు ఆగాయని పోస్టాఫీసులో అడిగేవారు. పట్నంలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, "మీ నాయన రెండు రోజుల సంది తింటలేడు, ఒకసారి వచ్చిపో బిడ్డా" అనేవారు. ఆమె రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చారు. ఆమె చేసిన రెండో సగం పనికి మాత్రం ఎవరూ రాలేదు. ఆ పనికి పోస్టు లేదు కనుక. ఇవాళ నా మాటలన్నీ ఆ లేని పోస్టు గురించే.

పథకాలకు కొదవ లేదు

సర్కారు ముసలివాళ్లను పట్టించుకోలేదంటే అది న్యాయం కాదు. వృద్ధాప్య పింఛన్లకు కేంద్రం సాయం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంతో మొదలైంది. తెలంగాణ వచ్చాక 2014 నవంబర్ 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ఆసరా పింఛన్ల పథకం మొదలైంది. అంతదాకా రెండు వందలున్న వృద్ధాప్య పింఛన్ వెయ్యి అయింది, 2019లో 2,016 అయింది. 2022లో అర్హత వయసు 57 ఏళ్లకు దిగింది. నేతపని, గీతపని చేసేవాళ్లకు 50 ఏళ్లకే ఇస్తున్నారు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న తొలిసారి అమలు చేసిన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్‌లో దాని కింద వైద్యానికి పరిమితి పది లక్షలైంది. 70 ఏళ్లు నిండిన వాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఐదు లక్షల దాకా వైద్యం అందేలా 2024 అక్టోబర్‌లో ఆయుష్మాన్ కార్డు వచ్చింది.

వయోవృద్ధుల ఆరోగ్య సంరక్షణకు విడిగా ఒక జాతీయ కార్యక్రమం 2010–11లోనే వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో రోజు పెద్దల క్లినిక్ నడపాలని, మంచం పట్టినవాళ్ల ఇంటికి ఆరోగ్య కార్యకర్త వెళ్లాలని, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలని అందులో రాశారు. తల్లిదండ్రుల పోషణ, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. బిడ్డలు చూడకపోతే ఆర్డీవో ముందు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పది వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకున్న ఆస్తిని, చూడనప్పుడు వెనక్కి తెప్పించవచ్చు. 14567 నంబరుకు ఫోన్ చేస్తే సలహా, సాయం దొరుకుతాయి. 2021 అక్టోబర్‌లో దేశమంతటికీ పాకిన ఆ ఎల్డర్ లైన్‌ను మొదట నడిపింది మన హైదరాబాద్‌లోనే.

ఇన్ని ఉన్నాయి. మరి ఈ సభలో ముందు వరుసలో ఉన్న అవ్వను అడిగితే "నాకేం అందుతలేదు బిడ్డా" అని ఎందుకంటుంది? ఆమె అబద్ధమాడడం లేదు. ఆఫీసరును అడిగితే "అన్నీ ఇస్తున్నాం" అంటారు. ఆయనా అబద్ధమాడడం లేదు. తేడా ఈ రెండు జవాబుల మధ్య ఉంది.

ఒక మనిషి, ఆరు ఆఫీసులు

మోత్కూర్ మండలంలో ఒక అవ్వకు పక్షవాతం వచ్చిందనుకుందాం. ఇక్కడి సర్కారు దవాఖాన జిల్లా వైద్యాధికారి కింద ఉంటుంది. ఆమెను పంపించే భువనగిరి పెద్దాసుపత్రి వేరే విభాగం లెక్క. పింఛన్ దరఖాస్తు పల్లెల్లో అయితే ఎంపీడీవోకు, టౌన్‌లో అయితే మున్సిపాలిటీకి పోవాలి. అక్కడి నుంచి గ్రామీణాభివృద్ధి సంస్థకు చేరుతుంది. వయోవృద్ధుల సంక్షేమం అంగన్‌వాడీలను చూసే సంక్షేమాధికారి పని. కొడుకు మీద అర్జీ పెట్టాలంటే ఆర్డీవో. పల్లెల్లో పింఛన్ చేతికిచ్చేది పోస్టాఫీసు. ఇందులో ఐదింటికి ఉమ్మడి పెద్ద ఎవరని చూస్తే, సుమారు నలభై కిలోమీటర్ల అవతల భువనగిరిలో కలెక్టర్ ఒక్కరే కనిపిస్తారు. పోస్టాఫీసు కేంద్రానిది, అది ఆయన కింద కూడా లేదు. మండలంలో వీళ్లందరినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టే అధికారం ఎవరికీ లేదు.

దీనివల్ల ఏం నష్టమో రూపాయల్లోనే చూపిస్తాను. వృద్ధాప్య పింఛన్ 2,016. దివ్యాంగుల పింఛన్ 2023 జూలై నుంచి 4,016. పక్షవాతంతో కాలూ చేయీ పడిపోయిన అవ్వకు సదరం క్యాంపులో కనీసం నలభై శాతం వైకల్యం ఉందని తేలితే ఆ రెండో పింఛన్‌కు అర్హురాలవుతుంది. ఆమెకు చేయి లేవడం లేదని డాక్టరుకు తెలుసు. పింఛన్ సంగతి ఆయన పని కాదు. పింఛన్ రాసే గుమాస్తాకు రెండు రకాల పింఛన్ల సంగతి తెలుసు. అవ్వ మంచం పట్టిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితం ఇంట్లో దూలానికి వేలాడే కవర్‌లో ఉండిపోతుంది. నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. డైపర్లకు, మందుగోలీలకు, ఆటో కిరాయికి అక్కరకొచ్చే సొమ్ము. అదెవరూ తినలేదు, ఎవరూ ఆపలేదు. ఒక ఆఫీసుకు తెలిసిన సంగతి ఇంకో ఆఫీసుకు చేరలేదు, అంతే.

పోనీ సదరం క్యాంపుకు పోదామంటే ముందే స్లాట్ తీసుకోవాలి, మంచంలో ఉన్న మనిషిని జిల్లా కేంద్రం దాకా తీసుకుపోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే. బస్సు ఎక్కించేదెవరు, దించేదెవరు, ఆ పూట పత్తి ఏరే కూలి ఎవరు వదులుకోవాలి? చాలా ఇళ్లలో ఆ జవాబు కోడలే. ఆఫీసుల మధ్య ఉండాల్సిన బాటను కోడలు తన కాళ్లతో వేస్తోంది. దవాఖాన చీటీ, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ ఒక సంచిలో వేసుకుని ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగేది ఆమే. జీతం లేని ఏడో ఆఫీసు అయిపోయింది ఆమె. కోడలూ లేని ఇంట్లో అయితే ఆ సంచి గోడకే ఉంటుంది.

ఈ నేల మీద ముసలితనం

వయసు మీదపడడం అంతటా ఒక్కటే కాదు. మన మెట్ట ప్రాంతానికి రెండు విడి బరువులున్నాయి.

ఒకటి నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు మూడు నాలుగు తరాలు ఫ్లోరైడ్ నీళ్లు తాగాయి. నీళ్లలో నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పటిక, సున్నం వాడే 'నల్గొండ టెక్నిక్' అని పేరు. ఆఫ్రికా దేశాల్లోనూ ఆ పేరుతోనే దాన్ని ప్రయత్నించారు. 2016లో ప్రధాని గజ్వేల్ దగ్గర ప్రారంభించిన మిషన్ భగీరథ నీళ్లు ఊరూరికీ వచ్చాక కొత్తగా వంగే నడుములు తగ్గుతాయి. వంగిపోయిన నడుము మాత్రం మంచినీళ్లతో నిటారు కాదు. నీళ్ల శాఖ తన పని చేసి పక్కకు తప్పుకుంది. యాభై ఏళ్లకే కీళ్లు బిగుసుకుపోయి మెడ తిప్పలేని మనిషి వయసు లెక్కలో ముసలి కాదు, ఒంటి లెక్కలో ఎప్పుడో అయిపోయాడు. ఆయనకు ఫిజియోథెరపీ కావాలి, ఊతకర్ర కావాలి, పింఛన్ కావాలి, మంచం పక్కన పట్టుకుని లేచే కమ్మీ కావాలి. ఒక్కొక్కటి ఒక్కో శాఖ ఇవ్వాలి.

రెండోది వలస. పాలమూరు కూలీలు ముంబై, పుణె మట్టిపనులకు పోయిన కథ పాతదే. ఇటు మోత్కూర్, రాయగిరి రోడ్డు పొడుగునా ఊళ్ల నుంచి పిల్లలు ఉప్పల్, ఘట్‌కేసర్ చేరారు. కొడుకు దూరంగా లేడు, రెండు గంటల ప్రయాణమే. అందుకే ఆ అమ్మానాన్న ఒంటరివాళ్లని ఏ లెక్కా చెప్పదు. పండగకు వస్తాడు, దసరాకు బట్టలు తెస్తాడు. మంగళవారం రాత్రి బాత్‌రూమ్‌లో జారిపడితే ఉండడు. బిడ్డలు వదిలేసిన వాళ్లకు చట్టం ఉంది. వదిలేయకుండానే దూరమైన వాళ్ల గురించి చట్టం మాట్లాడదు. మన ఊళ్లలో ఎక్కువమంది ఈ రెండోరకమే.

మన దగ్గరే ఉన్న దాఖలా

వైద్యం, సంక్షేమం ఒకచోట కలవడం కుదరని పనేం కాదు. మన కళ్ల ముందే కొంత జరిగింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 104 బండ్లు మొదలయ్యాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మూడు కిలోమీటర్లు దాటిన ప్రతి ఊరికీ నెలకు ఒకసారి, ముందే చెప్పిన తేదీన బండి వచ్చేది. రక్తపరీక్ష చేసేవారు, షుగరు, బీపీ గోలీలు నెలకు సరిపడా ఇచ్చేవారు. ఏఎన్ఎం, ఆశ, అంగన్‌వాడీ టీచర్ ఆ రోజు ఆ బండి దగ్గరే ఉండేవారు. ముసలివాళ్లకు క్యాలెండర్ అక్కర్లేకుండానే ఆ తేదీ గుర్తుండేది. తర్వాత తెలంగాణలో ఆ బండ్లు ఆగిపోయాయి. పల్లె దవాఖానలు వచ్చాయి, షుగరు, బీపీ లాంటి జబ్బులకు గోలీలు ఇస్తున్నారు, అది మంచిదే. అయినా ఊరంతటికీ తెలిసిన ఒక తేదీ, ఆ తేదీన అందరూ ఒకచోట చేరడం అన్న అలవాటు పోయింది. పోగొట్టుకున్నది వాహనం కంటే ఆ అలవాటే ఎక్కువ.

కేరళను చూడండి. మలప్పురం జిల్లాలో 2000 సంవత్సరం దాటిన తొలినాళ్లలోనే ఊరి వాలంటీర్లు మంచం పట్టినవాళ్లను గుర్తించి, నర్సుతో కలిసి ఇంటికి వెళ్లే పద్ధతి వేళ్లూనుకుంది. నర్సు పుండుకు కట్టు కడుతుంటే వాలంటీరు ఇంట్లో బియ్యం ఉన్నాయా, మనవడు బడికి పోతున్నాడా అని అడుగుతాడు. 2008లో ఆ రాష్ట్రం దీన్ని విధానంగా ప్రకటించింది, పంచాయతీల పనిగా మార్చింది. డబ్బు, నర్సు, వాలంటీరు అన్నీ పంచాయతీ దగ్గర కలిశాయి. మన జిల్లాల్లోనూ ఆలన బండ్లు నొప్పితో మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్తున్నాయి. అది మంచి మొదలు. అయితే ఆ బండి జిల్లా ఆసుపత్రి నుంచి కదులుతుంది, పంచాయతీ గుమ్మం నుంచి కాదు.

ఇంకా దూరం పోతే జపాన్‌లో హిరోషిమా ప్రాంతంలో మిత్సుగి అనే చిన్న ఊరు ఉండేది. మోత్కూర్ టౌన్‌కంటే పెద్దదేం కాదు. అక్కడి ఆసుపత్రి డైరెక్టర్ యమగుచి నొబోరు శస్త్రచికిత్స చేసే డాక్టరు. పక్షవాతం వచ్చినవాళ్లను బతికించి ఇంటికి పంపేవాడు. ఏడాది రెండేళ్లకు వాళ్లే వీపు పుండ్లతో, లేవలేని స్థితిలో తిరిగి వచ్చేవారు. తన ఆపరేషన్ బాగానే ఉంది, ఇంటికి పోయాక చూసేవాళ్లు లేరని ఆయనకు అర్థమైంది. 1974లో నర్సులను ఇళ్లకు పంపడం మొదలుపెట్టాడు. 1984లో ఊరి సంక్షేమ కార్యాలయాన్నీ ఆరోగ్య కార్యాలయాన్నీ ఆసుపత్రి ఆవరణలోకే తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టాడు. మంచం పట్టినవాళ్ల సంఖ్య తగ్గింది. జపాన్ తర్వాత దేశమంతటికీ తీసుకున్న వైద్య, సంక్షేమాల ఉమ్మడి విధానానికి విత్తనం ఆ పల్లెటూరి ఆసుపత్రిలో పడింది.

ఇంగ్లండ్‌లో టోర్బే అనే సముద్రతీరపు ఊళ్లలో 2005లో వైద్యాన్నీ వృద్ధుల సంక్షేమాన్నీ ఒక సంస్థగా కలిపారు. కలిపేముందు వాళ్లు మిసెస్ స్మిత్ అని ఒక ముసలామెను ఊహించుకున్నారు. ఆమెకు ఏదైనా కావాలంటే ఎన్నిచోట్లకు ఫోన్ చేయాలో, ఎన్నిసార్లు అదే కథ చెప్పుకోవాలో లెక్కేశారు. తర్వాత ఆమె ఒక్కచోట చెప్పుకుంటే చాలేలా సమన్వయకర్తలను పెట్టారు. వాళ్లు డాక్టర్లూ కాదు, నర్సులూ కావాల్సిన పని లేదు. ఫోన్ తీసేవాళ్లు, వెంటపడేవాళ్లు, పని అయ్యేదాకా వదలని వాళ్లు. ఈ మూడుచోట్లా కొత్త పథకం పుట్టలేదు. ఉన్నవాటి మధ్య నిలబడే మనిషి పుట్టాడు.

మోత్కూర్‌లో ఏం చేయొచ్చు

మన దగ్గర ఇప్పటికే అందరు పెద్దలూ చేరే రోజు ఒకటి ఉంది. అదే పింఛన్ రోజు. ఏ ఆరోగ్య శిబిరానికీ రానంతమంది ఆ రోజు వస్తారు. పొద్దున్నే వచ్చి వరుసలో కూర్చుంటారు. వేలిముద్ర పడక తడి గుడ్డతో తుడుచుకుని మళ్లీ పెట్టిన వాళ్లెందరో. ఆ గంటల్లో వాళ్లకు ఎవరూ ఏమీ చేయడం లేదు. నా మొదటి సూచన ఇదే: పింఛన్ ఇచ్చే చోటే ఆశ, ఏఎన్ఎం ఒక బల్ల వేసుకోవాలి. బీపీ, షుగరు, బరువు, కంటిచూపు, కాలి పుండ్లు చూడాలి. నెల గోలీలు అక్కడే ఇవ్వాలి. అదే బల్ల దగ్గర ఆగిన పింఛన్ల ఫిర్యాదు, సదరం దరఖాస్తు రాయాలి.

రెండోది దానికంటే ముఖ్యం. వచ్చినవాళ్ల సంగతి అందరికీ తెలుసు, రానివాళ్ల పేర్లు చదవాలి. నెలకు ఒకసారి చేతికందే డబ్బును కూడా వచ్చి తీసుకోలేకపోయిన మనిషి మంచం పట్టి ఉండొచ్చు, మతి తప్పి ఉండొచ్చు, తోడు వచ్చేవాళ్లు లేకపోవచ్చు, కొడుకుతో గొడవై గడప దాటకపోవచ్చు. ఈ మండలంలో అన్నిటికంటే అక్కరకొచ్చే ఆరోగ్య రిజిస్టర్ ఏదంటే, ఆ గైర్హాజరీ జాబితా. అది పోస్టాఫీసులో ప్రతినెలా తనంతట తానే తయారవుతోంది, దవాఖానకు చేరడం లేదు. ఆ పేర్ల ఇళ్లకు మూడు రోజుల్లోగా ఒకరు వెళ్లాలి. వెళ్లినవాళ్లు చూసిందేమిటో ఒక చిన్న నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకం ఆ ఇంట్లోనే వదిలి రావాలి. ఎవరు వచ్చినా అదే చదవాలి. అవ్వ తన కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన అవసరం ఉండకూడదు.

మూడోది, నెలకు ఒకసారి మోత్కూర్‌లోనే ఒక గంట కూర్చోవాలి. వైద్యాధికారి, ఎంపీడీవో, మున్సిపల్ కమిషనర్, అంగన్‌వాడీ సూపర్‌వైజర్, మహిళా సంఘాల వైపు నుంచి ఒకరు, పోస్ట్‌మాస్టర్. అంకెల సమీక్ష వద్దు, అది భువనగిరిలో ఎలాగూ ఉంటుంది. పేర్లు మాత్రమే మాట్లాడాలి. ఈ ఇంట్లో ఈ అవ్వకు వచ్చే నెలలోపు ఏం కావాలి, ఎవరు చేస్తారు. వీళ్లలో ఏ ఒక్కరినీ ఇంకొకరి కింద పెట్టాల్సిన పని లేదు. కలెక్టర్ ఉత్తర్వు ఒకటి, పోస్టాఫీసుకు ఒక విన్నపం చాలు.

నాలుగోది, ఆ లేని పోస్టు. ప్రతి ఊళ్లో పెద్దల పని చూసే మనిషి ఒకరుండాలి. మహిళా సంఘాల్లోని అనుభవమున్న ఒకామె కావొచ్చు, ఆశా కార్యకర్త కావొచ్చు. ఆశలకే ఇస్తే మాత్రం పారితోషికం పెంచి ఇవ్వాలి. ఉచితంగా ఒప్పగించిన పని మొదటి నెల జరుగుతుంది, మూడో నెలకు రిజిస్టర్‌లో మాత్రమే జరుగుతుంది. భువనగిరిలోగానీ, బీబీనగర్ ఎయిమ్స్‌లోగానీ డిశ్చార్జి రాసేముందు ఆ మనిషికి ఫోన్ రావాలి. ఇంట్లో మంచం సిద్ధమైందా, గొట్టం మార్చేవాళ్లున్నారా అన్నది ఆంబులెన్స్ ఊరికి చేరకముందే తేలాలి.

భయాలు, అభ్యంతరాలు

జాబితాలు కలుపుతామంటే జనం భయపడతారు. ఆ భయం నిజమైనది. సర్కారు రెండు జాబితాలు కలిపినప్పుడల్లా కొన్ని పేర్లు తెగిపోవడం మనవాళ్లకు అనుభవమే. అందుకని ఒక నియమం ముందే రాసుకోవాలి: ఈ పుస్తకంలో రాసినదాన్ని బట్టి ఎవరి పింఛనూ ఆపకూడదు, ఎవరి రేషనూ తీయకూడదు. ఇందులో పేర్లు కలపడమే తప్ప తీసేయడం ఉండదని ఊరికి నమ్మకం కలగకపోతే, మంచం పట్టిన మనిషిని ఇంట్లో దాచిపెడతారు. అలాగే ఇంటి గొడవలు, ఆస్తి సంగతులు ఆ పుస్తకంలో రాయకూడదు. అవ్వ ఒప్పుకోకుండా కొడుకు మీద ఆర్డీవో దగ్గరికి ఎవరూ పోకూడదు.

ఇంకొక మాట వింటుంటాం: "తల్లిదండ్రులను చూసుకోవాల్సింది బిడ్డలు, సర్కారు కాదు." బిడ్డలు చూసుకుంటున్నారు కనుకే మన పల్లెలు ఈపాటిగానైనా ఉన్నాయి. ఎనభై ఏళ్ల అత్తను మోస్తున్నది అరవై దగ్గరపడిన కోడలు. ఆమె నడుమూ అరిగిపోయింది, ఆమెకూ షుగరు ఉంది. ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వడం, పుండుకు కట్టు ఎలా కట్టాలో నేర్పడం, ఒక పూట ఆమెకు బదులు కూర్చోవడం బిడ్డల బాధ్యతను లాక్కోవడం కాదు. ఆ బాధ్యత తెగిపోకుండా కాపాడడమే. ఆమె కూలిపోయిన రోజు సర్కారు ఒకరికి బదులు ఇద్దరిని మోయాలి.

ఖర్చెంత అని అడుగుతారు. పింఛన్ డబ్బు ఇప్పటికే వస్తోంది, గోలీలు వస్తున్నాయి, జీతాలు ఇస్తున్నారు. కొత్తగా కావాల్సింది ఊరికి ఒక మనిషి గౌరవ వేతనం, ఇంటికో నోటుబుక్కు, నెలకో గంట సమావేశం. ఇంతమాత్రానికి దేశమంతటా మారేదాకా ఆగాల్సిన పని లేదు, రాష్ట్రం మారేదాకా కూడా అక్కర్లేదు. మిత్సుగి కూడా దేశం మారేదాకా ఆగలేదు.

నిర్వాహకులకు నా విన్నపం ఒకటే. వచ్చే ఏడాది ఈ సభలో ఉపన్యాసానికి ముందు ఒక పేజీ నివేదిక చదివించండి. ఈ ఏడాది పింఛన్‌కు రానివాళ్లలో ఎంతమంది ఇళ్లకు వెళ్లారు? వాళ్లలో ఎంతమందికి ఇంకో ఆఫీసు నుంచి రావాల్సింది వచ్చింది? రాకపోతే ఏ ఆఫీసు దగ్గర ఆగింది? ఆ మూడో ప్రశ్నకు జవాబుగా ఆఫీసు పేరు నలుగురిలో చదివే ధైర్యం ఈ సభకు ఉండాలి. అది మొదలైతే మిగతాది నేర్చుకుంటాం.